వేడి ప్రాంతాల్లో పెరటి కొలనులో చేపలను పెంచడం ఎలా

ఎండలు ముదిరిన రోజుల్లో పెరటి కొలనులోని చేపలు ఎక్కువగా చనిపోయేది తెల్లవారుజామున. మధ్యాహ్నం నీటిలో చేయి పెట్టి చూసి, ఇంత వెచ్చటి నీటిలో ఇవి ఎలా బతుకుతాయోనని బెంగపడిన మనిషి, చీకటి పడి గాలి చల్లబడగానే గండం గడిచిందనుకొని నిద్రపోతాడు. అసలు గండం అప్పుడే మొదలవుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల వద్ద అది దాదాపు 7.5కు, 35 డిగ్రీల వద్ద 6.9కి పడిపోతుంది. మరోవైపు నీరు పది డిగ్రీలు వేడెక్కితే చేపకు కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. సరుకు తగ్గిన రోజునే గిరాకీ పెరగడం అంటే ఇదే. పగలు నీటిలోని నాచు, కంటికి కనిపించని పచ్చటి ప్లవకాలు ఎండలో ఆక్సిజన్‌ను తయారుచేస్తాయి కాబట్టి లోటు బయటపడదు. రాత్రి అవి కూడా చేపలతో పాటు ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు కొలనులో ఆక్సిజన్ అడుగంటుతుంది.

కొలను లోతు మొదలుకొని మేత కొలత వరకు కింద చెప్పిన పనులన్నింటినీ ఆ ఒక్క గడియను దృష్టిలో పెట్టుకొని చేయాలి. లెక్కలు సులువుగా ఉండటానికి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు నీరు ఉన్న కొలనును ఉదాహరణగా తీసుకుందాం. పొడవు, వెడల్పు, లోతులను మీటర్లలో గుణించి, వచ్చిన దానిని 1,000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఈ కొలనులో 12,000 లీటర్లు పడతాయి. గుండ్రటి కొలనైతే వ్యాసార్ధాన్ని దానితోనే గుణించి, 3.14తోనూ లోతుతోనూ, చివరికి 1,000తోనూ గుణించాలి. ఈ అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఉప్పు వేయాలన్నా, మందు వేయాలన్నా, చేపలెన్నో తేల్చుకోవాలన్నా ముందు అదే కావాలి.

కొలను, నీడ

లోతు కనీసం ఒక మీటరు ఉండాలి, 1.2 మీటర్లు ఉంటే మరీ మంచిది. మోకాలి లోతు నీరు మధ్యాహ్నానికి వేడెక్కి తెల్లవారేసరికి చల్లబడుతూ రోజూ చేపను అటూ ఇటూ లాగుతుంది. లోతైన నీరు ఆ ఊపును తట్టుకుంటుంది. వీలైతే కొలనులో సగమైనా నేలలోకి దిగి ఉండేటట్లు తవ్వించండి, ఎందుకంటే చుట్టూ మట్టి ఉన్న గోడకు ఎండ తగలదు. నేల మీద నిలబెట్టిన టార్పాలిన్ తొట్టె అయితే పడమటి వైపు గోడను తెల్ల గుడ్డతోనో, తడికతోనో, థర్మోకోల్ పలకలతోనో కప్పాలి.

పైన 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్‌ను నీటికి కనీసం రెండు మీటర్ల ఎత్తున, గాలి ఆడేటట్లు కట్టండి. నీటిని ఆనుకొని కప్పేస్తే కింద ఆవిరి నిలిచిపోయి, నీరు చల్లబడే దారి మూసుకుపోతుంది. కొలను పక్కనే ఆకులు రాల్చే చెట్టు ఉంటే దాని నీడ ఎంత హాయిగా ఉన్నా, నీటిలో పడి కుళ్లే ప్రతి ఆకూ ఆక్సిజన్‌ను తినేస్తుందని గుర్తుంచుకోవాలి. కొంగలు, లకుముకి పిట్టలు, పిల్లులు రాకుండా కట్టే వల, ఎగిరి బయటపడే చేపలను కూడా ఆపుతుంది. పిల్లలున్న ఇంట్లో కొలను చుట్టూ కంచె, దానికి గడియ ఉన్న తలుపు తప్పనిసరి. అవి లేకుండా నీరు నింపవద్దు.

నీటిని సిద్ధం చేయడం

పాత ఈతకొలనును మార్చుకుంటున్నవారు అందులోని నీటిని పూర్తిగా తోడేసి, గోడలను రుద్ది కడిగి, కొత్త నీరు పట్టాలి. క్లోరిన్ ఎండకు పోయినా నాచు పట్టకుండా వాడిన రాగి మందులు నీటిలో మిగిలిపోతాయి, రాగి చేపలకు విషం. కొత్తగా కట్టిన సిమెంటు కొలను బాధ వేరు. పచ్చి సిమెంటు నుంచి సున్నం కరిగి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 11 వరకు కూడా పోతుంది, ఆ నీటిలో వదిలిన చేపపిల్ల పూట కూడా బతకదు. అందుకే నీరు నింపి నాలుగైదు రోజులు ఉంచి తోడేయడం కనీసం మూడు, నాలుగు సార్లు చేసి, చివరిసారి నింపిన నీరు వారం తరువాత కూడా 8.5 దాటలేదని పీహెచ్ కాగితంతో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

కుళాయి నీటిలోని క్లోరిన్ రెండు రోజుల పాటు గాలి కొడుతూ ఉంచితే పోతుంది. కొన్ని చోట్ల వాడే క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) మాత్రం అలా పోదు. దానికి సోడియం థయోసల్ఫేట్ వాడాలి. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాములు పడుతుంది కాబట్టి లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 12,000 లీటర్లకు 84 గ్రాములు సరిపోతాయి. క్లోరమైన్ విరిగినప్పుడు కొంత అమ్మోనియా మిగులుతుంది, దాని సంగతి ఫిల్టర్ చూసుకోవాలి. బోరు నీటిలో క్లోరిన్ బెడద లేదు గానీ, భూమిలోంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది. గొట్టం చివరను నీటిలో ముంచి పెట్టకుండా, ఎత్తు నుంచి చిల్లుల పళ్లెం మీదుగా చిందుతూ పడేలా పెట్టాలి.

గాలి, ఫిల్టర్

ఈ రెండింటి మీద పెట్టే శ్రద్ధే పంటను నిలబెడుతుంది. ఇతర ఖర్చుల్లో పొదుపు చేసినా ఇక్కడ చేయవద్దు.

ముందుగా గాలి. వెచ్చటి నీటిలో కిలో చేపలు గంటకు సుమారు 200 నుంచి 400 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. మన కొలనులో 40 కిలోల చేపలున్నాయనుకుంటే, గంటకు 300 చొప్పున 12 గ్రాములు, అంటే ప్రతి లీటరు నీటి నుంచి గంటకు ఒక మిల్లీగ్రాము తగ్గిపోతుంది. ప్లవకాలు, అడుగున పేరుకున్న మడ్డి తినేది దీనికి అదనం. రాత్రి కరెంటు పోయే సమయానికి నీటిలో 6 మిల్లీగ్రాములు ఉంటే, నాలుగు గంటలు గడవకముందే అది 2కు దిగిపోతుంది. నేను మొదటి ఏడాది ఇంతే నీటిలో 300 పిల్లలను వదిలాను. అవి తలా 120 గ్రాములకు వచ్చిన రోజుల్లో ఒక రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగి మెలకువ వచ్చినా, గాలి చల్లగానే ఉందని మళ్లీ పడుకున్నాను. ఐదింటికి వెళ్లి చూస్తే నీటి మీద వెల్లకిలా తేలిన తెల్లటి పొట్టలు, వాటి మధ్య నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తున్న కొద్ది చేపలు. ఆ రోజు నుంచి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు లేని కొలనును నేను కొలనుగా లెక్కపెట్టను.

కాబట్టి రెండు ఎయిర్ పంపులు పెట్టండి: ఒకటి కరెంటుతో నిత్యం నడిచేది, రెండవది ఇన్వర్టర్ మీదనో బ్యాటరీ మీదనో కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యేది. గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్లు అడుగు దాకా దిగాలి గానీ మడ్డిని లేపేలా నేలను తాకకూడదు. బుడగలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. పంపు మోటారును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే అది ఆగినప్పుడు గొట్టం గుండా నీరు వెనక్కి వచ్చి మోటారును ముంచుతుంది. నీటి దగ్గర వాడే కరెంటు లైనుకు లీకేజీ వస్తే తెగిపోయే బ్రేకర్ ఉండాలి, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకూడదు.

ఇక ఫిల్టర్. చేప తిన్న మేతలోని మాంసకృత్తుల వ్యర్థం ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా బయటకు వస్తుంది. సుమారు 30 శాతం మాంసకృత్తులున్న మేత 600 గ్రాములు వేస్తే దాదాపు 18 గ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుంది. 12,000 లీటర్లలో అది లీటరుకు రోజుకు 1.5 మిల్లీగ్రాములు. ఇది ఎంత ప్రమాదమో పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8కి చేరితే సుమారు 7 శాతం, 9కి చేరితే 45 శాతానికి దగ్గరగా ఆ రూపంలోకి మారిపోతుంది. బాగా పచ్చబడిన కొలనులో ఎండకు మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే. ఉదయం పరీక్షలో నిక్షేపంగా కనిపించిన నీరు మధ్యాహ్నం మూడింటికి మొప్పలను ఎలా కాల్చగలదో దీనిని బట్టి అర్థమవుతుంది.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును ఫిల్టర్‌గా మార్చుకోవచ్చు. దానికి ముందు చిన్న తొట్టె ఒకటి పెట్టి, కొలను అడుగు నుంచి వచ్చే నీటిలోని మడ్డి అందులో దిగేటట్లు చేయండి. డ్రమ్ములో బయో బాల్స్ లాంటి ప్లాస్టిక్ ముక్కలను గానీ, శుభ్రంగా కడిగిన పాత నైలాను వల ముక్కలను గానీ వదులుగా నింపండి. వాటి మీద పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తరువాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొలనులోని నీరంతా రెండు గంటలకొకసారి ఫిల్టర్ గుండా తిరగాలి, అంటే గంటకు 6,000 లీటర్లు. పంపు డబ్బా మీద రాసిన అంకె నీటిని ఎత్తకుండా కొలిచినది. మీటరు ఎత్తుకు తోడేసరికి అది బాగా తగ్గుతుంది కనుక ఒక మెట్టు పెద్ద పంపునే తీసుకోండి.

బ్యాక్టీరియా స్థిరపడటానికి వెచ్చటి నీటిలో కూడా మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ పంపు నడపండి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, దాని వెనుక నైట్రైట్ పెరిగి తగ్గుతుంది; టెస్ట్ కిట్‌లో రెండూ సున్నా చూపినప్పుడు కొలను సిద్ధమైనట్లు. ఈ నెల రోజుల ఓపిక లేక తొలి పంటనే పోగొట్టుకున్నవారు చాలామంది ఉంటారు. ఫిల్టర్ ముక్కలను ఎప్పుడు కడిగినా కొలను నీటితోనే తేలికగా జాడించాలి, కుళాయి నీటి క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఏ చేప, ఎన్ని

వేడికి తట్టుకునే వాటిలో తిలాపియా ముందు వరుసలో ఉంటుంది. 27 నుంచి 32 డిగ్రీల నీరు దానికి అనుకూలం, ఆక్సిజన్ తగ్గినా కొంతసేపు ఓర్చుకుంటుంది. దాని చిక్కల్లా సంతానమే. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టి, తల్లి వాటిని నోటిలో పెట్టుకొని పొదుగుతుంది. చూస్తుండగానే కొలను నిండా గోరంత పిల్లలు తయారై పెద్దవాటి మేతను తినేస్తాయి. అందుకని అన్నీ మగవే ఉన్న పిల్లలను అడిగి తెచ్చుకోవాలి. తిలాపియా బయటి వాగుల్లోకి చేరితే స్థానిక జాతులను దెబ్బతీస్తుంది గనుక దాని పెంపకం మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి. మీ ప్రాంతపు మత్స్యశాఖను ముందే అడగండి. గాలిని నేరుగా పీల్చగల కొరమేను, మార్పు చేప వంటివి ఆక్సిజన్ లోటును తట్టుకుంటాయి గానీ, వాటిలో పెద్దవి చిన్నవాటిని తింటాయి కాబట్టి తరచూ సైజుల వారీగా వేరు చేయాల్సి ఉంటుంది. బొచ్చె, రోహు వంటివి వెచ్చటి నీటి చేపలే అయినా విశాలమైన చెరువు కావాలి, ఇంత చిన్న కొలనులో అవి ఎదగవు.

ఫిల్టర్, గాలి రెండూ ఉన్నా కోతకు వచ్చే నాటికి 1,000 లీటర్లకు మూడున్నర కిలోల చేపలకు మించవద్దని నా సలహా. మన కొలనులో అది సుమారు 40 కిలోలు. 400 గ్రాముల చేప కావాలంటే 100 చేపలు, పోయేవాటి కోసం మరో పది కలుపుకోవచ్చు. ఇంతకు నాలుగింతలు పెంచేవారున్నారు, వారి దగ్గర అందుకు తగిన యంత్రాలు, రాత్రి కాపలా ఉంటాయి. పిల్లలను తెచ్చిన రోజు 110 వేలెడంత చేపలు 12,000 లీటర్లలో ఎక్కడా కనిపించకపోతే ఇంకో రెండు వందలు వేద్దామనిపిస్తుంది. ఆ కోరికను అణచుకోండి.

పిల్లలను వదలడం

పిల్లలను సాయంత్రం, నీరు చల్లబడ్డాక వదలాలి. తెచ్చిన సంచిని విప్పకుండా 20 నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, ఆపైన విప్పి, పది నిమిషాలకొకసారి గ్లాసు చొప్పున కొలను నీటిని నాలుగైదు సార్లు కలపండి. లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపిన బకెట్టులో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే ఒంటిని పట్టిన పరాన్నజీవులు కొన్ని రాలిపోతాయి; పక్కనే నిలబడి చూస్తూ, ఏ పిల్లైనా ఒరిగిపోతే వెంటనే తీసేయాలి. సంచిలోని నీటిని కొలనులో పోయవద్దు. ఆ రాత్రి మేత వేయవద్దు.

మేత

నీటిపై తేలే గుళికల మేతనే వాడండి, ఎందుకంటే చేపలు తిన్నదెంతో వదిలినదెంతో కళ్లకు కనిపించే మేత అదొక్కటే. 10 గ్రాముల పిల్లలకు వాటి బరువులో రోజుకు 6 శాతం, 100 గ్రాముల వాటికి 3 శాతం, 300 గ్రాములు దాటాక 2 శాతం లోపు సరిపోతుంది. మన 100 చేపల విషయంలో మొదట్లో రోజుకు 60 గ్రాములు, మధ్యలో 300 గ్రాములు, చివర్లో 600 గ్రాములకు అటూ ఇటూ. పదిహేను రోజులకొకసారి పది చేపలను వలతో పట్టి, నీరున్న బకెట్టును ముందు తూచి, అవి వేశాక మళ్లీ తూచి, సగటు బరువు తీసి మేతను సవరించుకోండి.

ఉదయం ఎండ పొడిచిన గంటన్నర తరువాత, అంటే నీటిలో ఆక్సిజన్ కోలుకున్నాక మొదటి మేత, సాయంత్రం ఎండ పూర్తిగా వాలకముందే రెండవది వేయండి. మేత అరిగించుకునేటప్పుడు చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే పొద్దుపోయాక వేసే మేత తెల్లవారుజాము లోటును పెంచుతుంది. పదిహేను నిమిషాల్లో తినని గుళికలను జల్లెడతో తీసేయండి. నీటి వేడి 34 డిగ్రీలు దాటిన రోజు సగమే వేయండి, 36 దాటితే మానేయండి. ఆకలితో రెండు మూడు రోజులున్నంత మాత్రాన చేప చావదు. మేత సంచిని ఎండ తగలని పొడిచోట, గాలి చొరని డబ్బాలో దాచాలి. బూజు వాసన వచ్చినా, నూనె ముక్కిన వాసన వచ్చినా పారేయాల్సిందే.

రోజూ చూడవలసినవి

వేసవిలో వారానికి రెండుసార్లైనా సూర్యోదయానికి అరగంట ముందు టార్చి పట్టుకొని కొలను దగ్గరకు వెళ్లండి. చేపలు అడుగున కదులుతుంటే అంతా బాగున్నట్లు. నీటి పైపొరకు నోళ్లు ఆనించి గుటకలు వేస్తుంటే, లేదా నీరు పడే చోటికే అన్నీ చేరి ఉంటే ఆక్సిజన్ లోటు. అప్పుడు రెండవ ఎయిర్ పంపును కూడా నడిపి, కొత్త నీటిని చిందేలా వదిలి, ఆ రోజు మేత మానేయాలి. గాలి బాగా ఆడుతున్నా పగలంతా అలాగే చేస్తుంటే అమ్మోనియా, నైట్రైట్ చూడండి. మొప్ప ఎర్రగా కాక గోధుమ రంగులో ఉంటే నైట్రైట్ రక్తాన్ని పట్టిందని అర్థం. పావు వంతు నీరు మార్చి, 1,000 లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ కలపని ఉప్పును కరిగించి పోస్తే చేపలు తేరుకుంటాయి.

నీటి పచ్చదనాన్ని మోచేతితో కొలవవచ్చు. అరచేతిని పైకి మడిచి చేతిని నిలువుగా ముంచండి. నీరు మోచేతికి వచ్చేసరికి అరచేయి కనుమరుగైతే చాలినంత పచ్చదనం ఉన్నట్లు. ముంజేతి సగం కూడా మునగకముందే మాయమైతే ప్లవకాలు మితిమీరాయి, నీడ పెంచి నీరు మార్చాలి. వరుసగా మబ్బు పట్టిన రోజుల్లో ఇలాంటి చిక్కటి నీరు మరీ ప్రమాదం, పగటి ఆక్సిజన్ కూడా తయారవదు కాబట్టి.

పొడి వేడిలో రోజుకు 5 నుంచి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. 8 మిల్లీమీటర్లైతే మన కొలను నుంచి దాదాపు 96 లీటర్లు. ఆవిరి అయ్యేది నీరు మాత్రమే, లవణాలు మిగిలిపోతాయి. తరిగినదాన్ని నింపుతూ పోతే నెలల తరబడి ఉప్పు, నైట్రేట్ పేరుకుంటాయి కనుక వారానికి పది పదిహేను శాతం నీటిని అడుగు మడ్డితో సహా తోడి మొక్కలకు పోసి, కొత్త నీరు పట్టండి. ఫిల్టర్ బ్యాక్టీరియా నీటిలోని క్షారాన్ని కూడా తింటుంది. పీహెచ్ 7 కంటే కిందికి జారుతుంటే కొద్దికొద్దిగా వంటసోడా కలపాలి.

ఎండ భరించలేకుండా ఉన్నప్పుడు ఐసు గడ్డలు తెచ్చి వేయాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. 12,000 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ చల్లబరచడానికి 100 కిలోలకు పైగా ఐసు కావాలి. దానికి బదులు పంపు నీటిని చిల్లుల గొట్టం ద్వారా రాత్రంతా సన్నటి జల్లుగా కొలనులోనే పడనివ్వండి. గాలి పొడిగా ఉంటే ఆవిరయ్యే కొద్దీ నీరు చల్లబడుతుంది, ఆక్సిజన్ కూడా కలుస్తుంది. గాలిలో తేమ నిండుగా ఉన్న చోట చల్లదనం అంతగా రాదు, ఆక్సిజన్ ప్రయోజనం మాత్రం ఎక్కడైనా ఉంటుంది.

పట్టడం

బాగా పెరిగితే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తిలాపియా 400 గ్రాములకు వస్తుంది. అన్నింటినీ ఒకేసారి పట్టనవసరం లేదు. ఎండలు ముదరకముందే పెద్దవాటిని ఏరి పట్టడం మొదలుపెడితే, గడ్డు రోజులు వచ్చేసరికి కొలను మీద భారం తగ్గి ఉంటుంది. పచ్చటి నీటిలో పెరిగిన చేపకు కొన్నిసార్లు మట్టి వాసన పడుతుంది. అందుకు పట్టిన చేపలను గాలి కొడుతున్న శుభ్రమైన నీటి తొట్టెలో మేత లేకుండా మూడు నుంచి ఐదు రోజులు ఉంచాలి. తలపై బలంగా ఒక్క దెబ్బ వేసి స్పృహ తప్పించి, వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు కారనిచ్చి ఐసులో పెడితే చేప బాధపడదు, మాంసం చెడదు. పట్టడం పూర్తయిన రోజున ఫిల్టర్‌ను మాత్రం ఆపవద్దు. పదో పదిహేనో చిన్న చేపలను కొలనులోనే వదిలి పంపును నడుపుతూ ఉంటే బ్యాక్టీరియా బతికి ఉంటుంది, తరువాతి పిల్లల కోసం మళ్లీ నెల రోజులు ఆగనక్కరలేదు.